చేపల లారీకి గేటెత్తిన దయ్యం

పిల్లలూ, ఇంత దూరాన పెరుగుతున్న మీకు ఈ కథ ఎవరూ చెప్పి ఉండరు. చేపల లారీ నడిపే మీ పెదనాన్నకి జరిగింది. ఆయన చెప్పగా విన్నదే, నేను చూసింది కాదు.

సరిహద్దు దగ్గర పాత చెక్‌పోస్టంటే మొండి డ్రైవర్లకి కూడా దడే. రేకుల గది, దారికి అడ్డంగా కర్ర గేటు. పక్కన కొత్త యంత్రం గేటు పెట్టాక దానికి తాళం పడింది. అక్కడి గుమస్తా కూడా అప్పుడే చనిపోయాడు. ఆ తర్వాత... రాత్రిళ్ళు ఆ కర్ర దానంతటదే లేస్తోందని పుకారు.

కొత్త గేటు సంబరం చెప్పక్కర్లేదు. లారీ కాటా ఎక్కితే చాలు, బరువు చూసుకుని అదే తెరుచుకుంటుందట. జనం దాని ముందు ఎగబడి ఫొటోలు దిగారు. "ఇక మనిషే అక్కర్లేదు" అని పెద్దాఫీసరు మైకులో మురిసిపోయాడు.

"ఇన్నాళ్ళూ మనిషి ఉన్నట్టు" అని టీ కొట్టు దగ్గర డ్రైవర్లు ఉమ్మేశారు.

కొన్నాళ్ళకి ఒక రాత్రి పెదనాన్న కాటా ఎక్కాడు. తొట్టెల్లో బతికున్న చేపలు. నీళ్ళు ఊగుతున్నాయి, అంకె నిలవడం లేదు, గేటు కదలడం లేదు.

"గాలి మోటారు ఆపు, అంకె కుదురుకుంటుంది" అన్నాడు కాపలావాడు.

"ఆపితే చేపలు చస్తాయయ్యా."

"చస్తే ఇంకా కుదురుగా ఉంటాయి. యంత్రంలో తప్పుండదని ఆఫీసరుగారి మాట."

పెదనాన్నకి ఒళ్ళు మండింది. మోటారుకి డీజిలు అడుగంటుతోంది. సరుకు చస్తే యజమాని లారీ తాళాలు లాక్కుంటాడు.

కాపలావాడు అటూ ఇటూ చూసి గొణిగాడు — "పాత దారిన పో. లైట్లార్పు... వెనక్కి చూడకు."

పోయాడు. చీకటి. రేకుల గది. కిర్రుమంటూ... కర్ర లేచింది. దాని పక్కనే — తెల్లటి ఆకారం. కాళ్ళు కనపడలేదు.

పెదనాన్న బ్రేకు తొక్కాడు. అంతలోనే ఒక అనుమానం. బతికినన్నాళ్ళూ పది హారన్లు కొట్టినా కుర్చీ దిగని గుమస్తా... చచ్చాక ఇంత చురుగ్గా గేటెత్తడమా?

"పో... చూడకు..." అంది ఆకారం. అని, తుమ్మింది.

పెదనాన్న టార్చి వేశాడు. దుప్పటి ముసుగులో — పెద్దాఫీసరు.

"నువ్వేం చూడలేదు" అన్నాడు దుప్పటి సర్దుకుంటూ. "యంత్రం లారీలని ఆపేస్తోందని తెలిస్తే నా పరువేం కావాలి?"

"మనిషే అక్కర్లేదన్నారు కద సార్."

"అందుకేగా దయ్యాన్నయ్యాను."

చేపలు బతికే చేరాయి. ఆ వారమే, ఒక్క లారీ కూడా ఆగలేదని ఆఫీసరుకి సన్మాన సభ పెట్టారు. చప్పట్లు కొట్టిన డ్రైవర్లలో సగం మంది పాత దారిన వచ్చినవాళ్ళే.

ఈ కథ రేపు మీ పిల్లలకీ చెప్పండి. నిద్రపోయే ముందు మాత్రం వద్దు, జడుసుకుంటారు. గుమస్తా దయ్యమయ్యాడని కూడా అనకండి, పోయినవాడి మీద నింద మనకెందుకు? గేటెత్తడానికి ఆయన చచ్చాక కూడా లేవలేదు.