పెద్దమ్మ పోయించిన మూడు వందల కిలోలు

“మూడు వందల కిలోల ఇంధనం ఎక్కువ రాశారు. మేం దిగే బ్లాంటైర్‌లో వాతావరణం బాగుందని రిపోర్టు చెబుతోంది. కాదన్నది ఎవరు?”

లిలాంగ్వే విమానాశ్రయంలో ఏ విమానానికి ఎంత ఇంధనం పోయాలో లెక్కగట్టే పని ఎలుబిది. కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాడు కో-పైలట్ లుసుంగు.

“మా పెద్దమ్మ,” అంది తలెత్తకుండా.

“ఆవిడ ఏ ఆఫీసులో?”

“బ్లాంటైర్ పక్కనే, త్యోలో అనే ఊళ్లో తేయాకు తోటలో. పొద్దున ఫోన్ చేశాను. కోతకు ఎవరూ దిగలేదట. మేస్త్రీ కూడా దుప్పటి కప్పుకుని కూర్చున్నాడట. చిపెరోని పట్టుకుంటోంది. ఆ మంచుజల్లు మొదలైతే మూడు రోజులు విడవదు.”

“ఈ బరువుకి పదిమంది పెట్టెలు ఇక్కడే దింపేయాలి. తిట్లు ఎవరు తినాలి?”

“మీరే. బాగా నవ్వుతారుగా, నవ్వుతూ చెప్పండి.”

అతను నిజంగానే నవ్వాడు. ఆ కాగితం మీద విమానం కెప్టెన్ సంతకం పెట్టాడు.

ఏడాదిగా ఇదే తంతు. అతను వచ్చే వేళకు ఎలుబి టీ కప్పు సగంలోనే పక్కన పెట్టేస్తుంది. అది అతను గమనించలేదు.

గంట తర్వాత రేడియో దగ్గర ఆమెకు ఒక్కో కబురే అందింది. బ్లాంటైర్‌లో దిగబోయి, మంచులో రన్‌వే కనబడక పైకి లేచారు. రెండోసారీ అంతే. కాసేపు చక్కర్లు కొట్టి మూడోసారి ప్రయత్నించారు.

ఆ తర్వాత లుసుంగు గొంతు. “తిరిగి లిలాంగ్వే వస్తున్నాం. ఇంధనం తక్కువగా ఉంది. ఆలస్యం లేకుండా దిగనివ్వాలి.”

ఆ గొంతులో నవ్వు లేదు.

ఎలుబి లెక్క వేసింది. మళ్లీ వేసింది. రెండు ప్రయత్నాలకు సరిపడా రాసింది. మూడోది ఆమె లెక్కలో లేదు.

టవర్‌కి ఫోన్ చేసింది. “ముందున్న విమానాన్ని పక్కకు తప్పించండి. మావాళ్లు మొదట దిగాలి.”

“తప్పించాం తల్లీ. నువ్వు కూర్చో,” అన్నాడు టవర్‌లో పెద్దాయన.

ఆమె కూర్చోలేదు. చక్రాలు నేలను తాకేదాకా కిటికీ దగ్గరే నిలబడింది.

ప్రయాణికులంతా దిగాక లుసుంగు వచ్చి చీటీ బల్లమీద పెట్టాడు.

“మూడు వందల నలభై మిగిలింది. అందులో మూడు వందలు మీ పెద్దమ్మవి.”

ఎలుబి తన సగం టీ అతని వైపు జరిపింది. తాగాడు.

“నలభై కిలోలంటే ఎన్ని నిమిషాలో దారంతా లెక్కపెడుతూనే ఉన్నాను,” అన్నాడు. “ఇంకో మాట. నేను రోజూ గొడవపడేది ఇంధనం కోసం కాదు.”

“తెలుసు. కాగితం తీసుకోవడానికి మిగతావాళ్లకు నిమిషం పడుతుంది. మీకు పది.”

“మా ఉత్తరం వైపు పెళ్లి మాటకు ఆవులు తోలుకెళతాం. మీకెన్ని కావాలి?”

“మాకు ఒక్క కోడిపుంజు చాలు. కానీ మీ మేనమామను వెంటబెట్టుకు రావాలి. ఒంటరిగా వస్తే పెద్దమ్మ గుమ్మం ఎక్కనివ్వదు.”

అప్పుడే ఫోన్ కలిపింది. పెద్దమ్మ అంతా విని, “పిల్లాడికి దెబ్బలేం తగల్లేదుగా?” అంది.

“లేదు పెద్దమ్మా.”

“అయితే రమ్మను. మూడు రోజులాగి, మంచు విడిచాక.”

ఫోన్ పెట్టేయబోతూ, “బస్సులో రమ్మను,” అంది.