షట్టరు కిందినుంచి వచ్చిన జాతకం

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక ఒక పాత కాంప్లెక్సు ఉంది. పై మూడంతస్తులూ కోచింగ్ సెంటర్లే. పగలు ఆ మెట్ల మీద నిలబడితే ఊపిరి తీసుకోవడానికి కూడా వరసలో నిలబడాలి. కానీ దాని సెల్లార్లోకి, రాత్రి తొమ్మిది దాటాక, ఎవరూ దిగరు.

సెల్లార్లో ఏడో నంబరు షాపు ఉంది. దానికి చెడ్డపేరు.

తాళం వేసిన షట్టరు వెనక... లైటు లేని చీకట్లో... ఎవరో పని చేసుకుంటూ ఉంటారట. కిర్ర్... కిర్ర్... టక్. మళ్ళీ కిర్ర్... వాచ్‌మన్ జంగయ్య తన చెవులతో విన్నాడు. విన్నవాడు ఊరుకుంటాడా? అది ఎవరి దెయ్యమో పేరుతో సహా చెప్పాడు — బాపిరాజు అని.

ఆ షాపు పట్టాభిగారిది. గుంటూరు దిక్కునుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనిషి. బయట 'కంప్యూటర్ జాతకములు' అని బోర్డు. లోపలి కంప్యూటర్ తెచ్చిపెట్టి, అందులో జాతకాలు కట్టే ప్రోగ్రాం రాసిచ్చినవాడు బాపిరాజు. ఇద్దరూ ఏళ్ళ తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. ఒక సాయంత్రం ఏదో పెద్ద గొడవైంది. మర్నాటి నుంచి బాపిరాజు కనిపించలేదు. కనిపించకుండా పోయిన మనిషిని జంగయ్య ఎక్కువకాలం బతకనివ్వడు.

"గా కంప్యూటర్‌ను ఇడిచి పోబుద్ధి కాలేదు ఆయనకు," అనేవాడు గొంతు తగ్గించి. "అందుకే రాత్రిపూట ఒచ్చి రాసుకుంటుండు."

ఆ కంప్యూటర్ సంగతి కూడా చెప్పుకోవాలి. విండోస్ తొంభై ఐదు. లోకమంతా విండోస్ సెవెన్‌కి మారిపోయినా పట్టాభిగారు మాత్రం కదల్లేదు. పొద్దున స్విచ్చి నొక్కి, దేవుడికి అగరొత్తులు వెలిగించి, బయటికెళ్ళి కాఫీ తాగి వస్తే — అప్పటికి అది కళ్ళు తెరిచేది. పై అంతస్తు కుర్రాళ్ళు నవ్వితే ఆయనకు కోపం వచ్చేది.

"కొత్తది ఎందుకయ్యా? ఇది చెప్పిన పని చేస్తుంది, ఎదురు ప్రశ్నలు వెయ్యదు. మా ఇంట్లో అలాంటివాళ్ళు ఒక్కరు లేరు."

రెండువేల పదకొండు, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులన్నీ డిపోల్లో పడుకున్నాయి. ఎల్బీ నగర్‌లో ఉండే ఆర్టీసీ కండక్టర్ భిక్షపతి పొద్దున్నుంచి సాయంత్రం దాకా సమ్మె శిబిరంలో కూర్చుని, నినాదాలిచ్చి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చేవాడు. జీతం లేదు. అయినా ముఖంలో వెలుగు తగ్గలేదు. ఎందుకంటే పెళ్ళైన తొమ్మిదేళ్ళకు, మూడుసార్లు కడుపు నిలవక ఏడ్చిన ఇంట్లో, కొడుకు పుట్టాడు. సమ్మె మొదలైన వారంలోనే పుట్టాడు.

భిక్షపతి తల్లి అండాలమ్మ ఆ పిల్లవాణ్ణి ఎవరి కంటా పడనివ్వదు. ముద్దుగా ఉన్నాడని ఎవరైనా అంటే చాలు, వాళ్ళు గడప దాటకముందే దిష్టి తీసేస్తుంది. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టాలి. జాతకం చూడకుండా పేరు పెట్టేది లేదని పట్టుపట్టింది.

ఆ ముందు రోజు మధ్యాహ్నం భిక్షపతి ఏడో నంబరుకు వెళ్ళాడు. బందు కాబట్టి పట్టాభిగారు షట్టరు సగం దించుకుని కూర్చున్నారు. తేదీ, టైము, ఊరు అడిగి, ఒక్కో వేలితో కొట్టుకున్నారు.

"రేపు తొమ్మిదికి రండి."

ఆ మాట ఇంట్లో చెప్పేసరికి అండాలమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఏడున్నరకు ముహూర్తమైతే తొమ్మిదింటికి జాతకమా? గప్పుడెందుకు, పోరని పెండ్లికి తెస్తవా? పో... ఇయ్యాల్నే తీస్కరా."

మళ్ళీ శిబిరానికి వెళ్ళాల్సి వచ్చింది, అక్కడ పని ముగిసేసరికి రాత్రి పది దాటింది. బస్సుల్లేవు. ఆటోలవాళ్ళు అడిగే కిరాయికి మనసొప్పలేదు. కొత్తపేట మీదుగా నడుచుకుంటూ వెళ్ళాడు.

కాంప్లెక్సు నిద్రపోతోంది. జంగయ్య మెట్ల దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"పట్టాభి సారు ఉన్నడా, అన్నా?"

"సారు ఎప్పుడో పోయిండు." జంగయ్య వేలితో కిందికి చూపించాడు. "గాయన ఉన్నడు..."

భిక్షపతి నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

కిర్ర్... కిర్ర్... టక్.

పోనీ, పట్టాభిగారే లోపల ఉన్నారేమో అనుకున్నాడు. ఒక్కో మెట్టూ దిగాడు. సెల్‌ఫోన్ టార్చి వేశాడు. షట్టరుకు ఈ చివరొక తాళం, ఆ చివరొక తాళం. రెండూ బయటినుంచే వేసి ఉన్నాయి. షట్టరు సందుల్లోంచి చూస్తే లోపల చిమ్మచీకటి.

కిర్ర్... కిర్ర్...

పాదానికి ఏదో తగిలింది.

చూశాడు. షట్టరు కింద బెత్తెడు సందులోంచి... కాగితం వస్తోంది. రెండు పక్కలా చిల్లులున్న పొడుగు కాగితం. ఒక్కో వరస శబ్దానికీ అంగుళం చొప్పున, మెల్లగా, అతని చెప్పుల మీదికి పాకుతోంది.

పరుగెత్తాలనుకున్నాడు. కానీ టార్చి వెలుతురులో తన పేరే కనిపించింది.

'తండ్రి: భిక్షపతి. ఊరు: ఎల్బీ నగర్.'

కింద కూర్చుండిపోయాడు. కాగితం చేతిలోకి తీసుకున్నాడు. కండక్టరు కళ్ళు కదా, ముందు అంకెల మీదికే పోయాయి.

'1934: వివాహయోగము.'

ఇదేంది? కళ్ళు నులుముకున్నాడు.

'1936: పుత్రసంతానము. 1951: గృహనిర్మాణము. 1968: కాశీయాత్ర.'

కాగితం వస్తూనే ఉంది. ఒక్కో వరసా వేలు పెట్టి చదివాడు. 1975, 1983, 1990... ఆ తర్వాత ఒక్కటే వరస.

'1997: ఆయుర్దాయము పూర్తి.'

 ఇంట్లో ఉయ్యాలలో ఉన్న పిల్లవాడు, ఇంకా పేరైనా పెట్టని పిల్లవాడు, పద్నాలుగేళ్ళ కిందటే పోయినట్టు రాసి ఉంది. షట్టరుకు దగ్గరగా జరిగాడు. ఇనుముకు నోరు ఆనించాడు.

"బాపిరాజు సారూ..." అన్నాడు. "తొమ్మిదేండ్లకు పుట్టిండు సార్. జర... జర ఎక్కువ రాయుండ్రి సార్. మీ కాళ్ళు మొక్కుత."

లోపల శబ్దం ఆగిపోయింది.

ఒక్క క్షణం... రెండు క్షణాలు... టక్.

ఆ తర్వాత భిక్షపతి మెట్లు ఎలా ఎక్కాడో భిక్షపతికే తెలియదు. కాగితం చింపుకుని పరుగెత్తాడని జంగయ్య చెబుతాడు. చెప్పులు ఏడో నంబరు ముందే ఉండిపోయాయి. కొత్తపేట పళ్ళ మార్కెట్టు దగ్గర కుక్కలు వెంటపడితే వాటికి కూడా అందలేదట.

ఇంట్లోకి వచ్చి తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్ళాడు. పిల్లవాడి ముక్కు కింద వేలు పెట్టాడు. వెచ్చగా గాలి తగిలింది. మళ్ళీ పెట్టాడు. మూడోసారి పెట్టేసరికి వాడు లేచి కాలనీ అంతా వినబడేట్టు ఏడ్చాడు. ఏ ఏడుపూ భిక్షపతికి అంత తియ్యగా వినిపించలేదు.

తెల్లవార్లూ కూర్చునే ఉన్నాడు. ఐదున్నరకు పట్టాభిగారి నంబరుకు ఫోన్ చేశాడు. ఆయన కూతురు సింధూర ఎత్తింది. ఆ అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లోనే కంప్యూటర్ కోర్సు చేస్తోంది. భిక్షపతి చెప్పిందంతా విని ఒకటే మాట అంది.

"అన్నా, మీరు ఎవరికీ ఏమీ చెప్పకండి. వచ్చేస్తున్నాం."

గంటలో స్కూటీ వచ్చి వాకిట్లో ఆగింది. వెనక సీటు మీదినుంచి పట్టాభిగారు తల దించుకుని దిగారు. చుట్టాలు కొందరు అప్పటికే వచ్చి కూర్చున్నారు.

"దెయ్యం కాదన్నా," అంది సింధూర. "మా నాన్న కంప్యూటర్‌కి సంవత్సరం అంటే రెండంకెలే. పదకొండు అని కొడితే పంతొమ్మిది వందల పదకొండు అనుకుంటుంది. రెండువేలు దాటిపోయాయని పాపం దానికెవరూ చెప్పలేదు."

"మరి రాత్రి... గా చప్పుడు?"

"ముప్ఫై పేజీలు ప్రింటవ్వాలంటే ఆ పాత ప్రింటర్‌కి అర్ధరాత్రి దాకా పడుతుంది. నాన్న నొక్కేసి, తాళం వేసుకుని ఇంటికొచ్చేస్తారు. బయటికి చెబితే పరువు తక్కువట."

"బాపిరాజు సారు?"

"భీమవరంలో చేపల చెరువులు చూసుకుంటున్నారు. ఈ తప్పు సరిచేసి కొత్త ప్రోగ్రాం రాసిచ్చారన్నా. కొత్త కంప్యూటర్ కొంటేగానీ అది నడవదన్నారు. నాన్న వద్దన్నారు. అదీ గొడవ."

అందరూ పట్టాభిగారి వైపు చూశారు. ఆయన కండువా సర్దుకున్నారు.

"పదకొండేళ్ళుగా ఒక్కరూ అడగలేదమ్మా. మొదటి పేజీ తప్ప ఎవరు చదువుతారు?"

అంటే కొత్తపేట నుంచి బాలాపూర్ దాకా, రెండువేల తర్వాత పుట్టిన పిల్లలు ఎంతమంది ముసలాళ్ళ జాతకాలు బీరువాల్లో పెట్టుకుని పెరుగుతున్నారో! భిక్షపతికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. గుండెల మీదినుంచి బస్సు దిగిపోయినట్టుంది.

సింధూర ల్యాప్‌టాప్ తెరిచింది. "బాపిరాజు అంకుల్ పంపిన కొత్తది ఇందులో ఉంది. ఐదు నిమిషాల్లో సరైన జాతకం ఇచ్చేస్తాను." వివరాలు కొట్టి బటన్ నొక్కింది.

"ఆగు బిడ్డా." అండాలమ్మ మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుని ముందుకు జరిగింది. "గా పాతది చదువు. మొత్తం చదువు. నేనినాలె."

సింధూర చదివింది. ఇరవై మూడేళ్ళకు పెళ్ళి. నలుగురు పిల్లలు. సొంత ఇల్లు. కాశీయాత్ర. మనవలు, ముని మనవలు. ఎనభై ఆరేళ్ళ ఆయుష్షు.  అండాలమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారి పిల్లవాడి బట్టల మీద పడుతున్నాయి.

"గిదే ఉంచుండ్రి," అంది.

"అమ్మా, అది తప్పు జాతకమే!" అన్నాడు భిక్షపతి.

"తప్పేంది? వేరేటోళ్ళ జాతకాలల్ల బతుకుతడు, బతుకుతడు అని రాస్తరు. దేవుని దయ, ఏమైతదో ఎవరికెరుక? గిండ్ల నా మనుమడు ఎనభై ఆరేండ్లు బతికిండు. అయిపోయిన బతుకును ఎవడన్న మారుస్తడా?"

పట్టాభిగారికి ఒక్కసారి వెన్ను నిటారైంది. "చూశావా అమ్మాయ్? పాతదాని విలువ తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు," అన్నారు. చుట్టాలంతా నవ్వారు. పేరు పెట్టించడానికి వచ్చిన అయ్యగారు ఆ పాత కాగితం మొదటి పేజీలో ఉన్న అక్షరంతోనే పేరు పెట్టించారు.

ఆ నవ్వుల మధ్య ల్యాప్‌టాప్ తన ఐదు నిమిషాల పని ముగించింది. సింధూర తెర వైపు వంగి చూసింది. చదువుతూ చదువుతూ... ఒక చోట ఆగింది. ముఖంలో నవ్వు పోయింది. చప్పున మూత వేసేసింది.

అది చూసినవాడు భిక్షపతి ఒక్కడే.

"ఏమొచ్చింది చెల్లె?" అన్నాడు మెల్లగా.

"ఏం లేదన్నా," అంది ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ. "ఇందులో తెలుగు ఫాంటు లేదు. అక్షరాలన్నీ డబ్బాలుగా వచ్చాయి."

భిక్షపతి చూపించమని అడగలేదు.