నెమ్మదిగా పాడిన జుట్టాయన

“మీ గాయకుడికి జలుబు చేసిందా?”

సెలూన్ గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. బయట వాన. గొడుగు చేతిలోని గిటారుకి పట్టింది. తను మాత్రం తడిసి ముద్దయింది.

కుర్చీలో ఒకాయన మొహం నిండా సబ్బు నురగతో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన గడ్డం గీస్తున్న కుర్రాడు కత్తి పైకెత్తి ఆగాడు. కత్తి చేతిలో ఉండగా కోపం తెచ్చుకోకూడదని వాళ్ళ నాన్న నేర్పాడు.

“ఏమన్నారండీ?”

“ఆ రికార్డు సంగతి. పక్క షాపులో గిటారుకి శ్రుతి పెడుతున్నాను. గోడ అవతల నుంచి మీ ఆయన మొదలుపెట్టాడు. ఏ తీగ మీటినా ఆయనకి కలవదు. ఎటూ కాకుండా మధ్యలో కూర్చుని మూలుగుతున్నాడు.”

“మూలుగు కాదండీ. అది బరువు. ఆయన గొంతుకి ఉన్న బరువు.”

“బరువా! బస్తా మోస్తూ పాడినట్టుంది.”

బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు పేపర్లు దించారు. పేపర్లో ఇంత మంచి వార్త లేదు.

కుర్రాణ్ణి వీధిలో అందరూ దువ్వెన అంటారు. చెవి మీద ఎప్పుడూ ఒక దువ్వెన ఉంటుంది, నిద్రలో కూడా ఉంటుందని వాళ్ళ బాబాయి అంటాడు. సెలూన్ వాళ్ళ నాన్నది. ఆయన పోయాక బాబాయి, దువ్వెన కలిసి నడుపుతున్నారు. అమ్మాయి పక్కనున్న గిటార్ల షాపాయన కూతురు. వేరే ఊళ్ళో పని నేర్చుకుని ఈ మధ్యే వచ్చింది. రబ్బరు బ్యాండుకి బదులు తెగిన గిటారు తీగతో జుట్టు ముడేస్తుంది. అందుకని వచ్చిన వారానికే ఆమె పేరు తీగ అయిపోయింది.

సెలూన్ గోడ మీద ఒక ఫొటో ఉంది. రాక్ అండ్ రోల్ తొలినాళ్ళ గాయకుడు. నుదుటి మీద జుట్టు అలలా లేచి ఉంటుంది. ఆయన పేరు పలకడం రానివాళ్ళు జుట్టాయన అన్నారు. పలకడం వచ్చినవాళ్ళు కూడా చివరికి అదే అన్నారు. దాని కింద బల్ల మీద నాన్న కొన్న పాత రికార్డు ప్లేయరు. దాని మీద ఎప్పుడూ తిరిగేది జుట్టాయన రికార్డే.

తీగ ఫొటో వంక చూసి పెదవి విరిచింది. “రాక్ అండ్ రోల్ అంటే ఈయనేనా మీ లెక్కలో?”

“ఈయన కాకపోతే ఎవరండీ?”

“అయ్యో రామా! ఈయనకంటే ముందే ఒకావిడ ఎలక్ట్రిక్ గిటారు భుజాన వేసుకుని దేవుడి పాటలు పాడుతూ ఊరూరా ఊపేసింది. ఈయన తరం అంతా ఆవిడ దగ్గర విని నేర్చుకున్నదే. నల్లవాళ్ళు పాడితే వెయ్యని రేడియోలు అవే పాటలు ఈయన పాడగానే వేశాయి. పాట వాళ్ళది, పేరు ఈయనది.”

“పేరు ఆయన అడిగి తెచ్చుకున్నాడా? ఆయన పాడబట్టే కదా మా నాన్న దాకా వచ్చింది! మొదలుపెట్టినవాళ్ళు గొప్పవాళ్ళే. మరి మోసుకొచ్చినవాడు?”

“మోసుకొచ్చినవాడు ఎవరి సరుకో చెప్పాలి కదండీ.”

నురగలో ఉన్నాయన ఒక కన్ను తెరిచాడు. “బాబూ, ఆ సరుకెవరిదో తర్వాత తేల్చుకుందురు గానీ, నా రెండో దవడ ఆరిపోతోంది.”

ఆ రోజు తేలలేదు. మర్నాడూ తేలలేదు. తీగ ఏదో ఒక వంకతో వచ్చేది. కత్తెర అడిగేది, తీసుకెళ్ళి వాడకుండానే తెచ్చిచ్చేది. దువ్వెన ఊడ్చిన గుమ్మాన్నే మళ్ళీ ఊడ్చేవాడు. బెంచీ రెండుగా చీలింది. జుట్టాయన పక్షం గోడ వైపు, గిటారావిడ పక్షం తలుపు వైపు కూర్చునేవాళ్ళు. బట్టతల ఉన్న ఇద్దరు వాదన వినడానికే వచ్చేవాళ్ళు.

బాబాయి ఏ పక్షమూ కాదు. ఆయన మాటలు పొదుపుగా వాడే మనిషి. వానొస్తే “వాన” అంటాడు. వెలిస్తే ఏమీ అనడు.

“అసలు ఆయన పాట వింటే ఎగరాలి,” అంది తీగ ఒకరోజు. “నీ రికార్డు వింటే నిద్రొస్తోంది.” మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరూ గమనించలేదు. బెంచీ గమనించింది.

“ఎగరడం మిగతావాళ్ళ పని. ఈయన నెమ్మదిగా, లోతుగా పాడాడు. అదే ఈయన గొప్ప. మా నాన్న ఈ పాటతో కలిపి పాడుతూ కత్తిరించేవాడు. ఇద్దరి గొంతూ ఒకటే అనిపించేది.”

అది అంటున్నప్పుడు దువ్వెన మొహం చూసి తీగ ఇంకేం అనలేదు. ఆ రోజు వాదనలో గెలిచింది తనేనని అతను అనుకున్నాడు.

వాన వెలిసిన ఒక సాయంత్రం ఆమె గుమ్మం దగ్గర గొడుగు ముడుస్తూ, తెరుస్తూ నిలబడింది.

“మా నాన్నకి నీ సంగతి చెప్పాను.”

“ఏ సంగతి? జుట్టాయనదా?”

“మొద్దూ! నీదీ నాదీ.”

దువ్వెన చెవి మీది దువ్వెన కిందపడింది. “ఏమన్నారు?”

“రేపొచ్చి జుట్టు కత్తిరించుకుంటానన్నాడు.”

దువ్వెన గోడకి ఆనుకున్నాడు. తీగ వాళ్ళ నాన్న గిటార్లకి చెక్క పని చేస్తాడు. శ్రుతుల సంగతి కూతురికే వదిలేశాడు. ఆయన తలకి మాత్రం వీధిలో పెద్ద పేరుంది. వయసులో ఉన్నప్పుడు పెంచిన అల ఒకటి నుదుటి మీద అలాగే ఉంది, అచ్చం ఫొటోలో ఉన్నట్టే. దాన్ని దువ్వెన వాళ్ళ నాన్న ఒక్కడే ముట్టుకున్నాడు. ఆయన పోయాక ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా అద్దం ముందు తనే సరిచేసుకుంటున్నాడు. అలాంటి మనిషి తల వంచి కూర్చుంటానన్నాడంటే, కత్తిరించుకోడానికి కాదు. పిల్లనివ్వచ్చో లేదో చూసుకోడానికి.

మర్నాడు ఆయన వచ్చాడు, వెనకే తీగ. కుర్చీలో నిటారుగా కూర్చుని, అద్దంలోంచే దువ్వెన వంక చూశాడు.

“అంకుల్, కొంచెం తలొంచండి.”

“వంచుతాను. చూసుకుని చెయ్యి బాబూ.”

చివర్లు తీశాడు. మెడ మీద సరిచేశాడు. ఇక అల మిగిలింది. దాన్ని వేళ్ళ మధ్య పట్టి కత్తెర ఎత్తాడు. అప్పుడే తీగ మొహమంతా నవ్వుతో రికార్డు ప్లేయరు దగ్గరికెళ్ళి ముల్లు దించింది.

జుట్టాయన లేచి గంతేసినట్టు పాడాడు.

ఆ గొంతులో బరువు లేదు, మూలుగు లేదు. సన్నటి, చురుకైన, ఎవరినో ఏడిపిస్తున్న కుర్రాడి గొంతు. డప్పు పరిగెత్తింది. దాని వెంట బెంచీ కాళ్ళు ఆడాయి. చిన్నప్పటి నుంచీ ఆ పాట నడకతోనే కత్తెర ఆడించిన చెయ్యి, పాటతో పాటే పరిగెత్తింది.

కచకచకచ.

అల ఒడిలో పడింది. సగం. మిగతా సగం నుదుటి మీద ఒంటరిగా నిలబడి అందరి వంకా చూస్తోంది.

బెంచీ కాళ్ళు ఆగిపోయాయి. జుట్టాయన ఒక్కడే హాయిగా పాడుకుంటున్నాడు.

తీగ వాళ్ళ నాన్న ఒడిలోంచి ఆ సగాన్ని రెండు వేళ్ళతో తీసి చూసుకున్నాడు. జేబులో పెట్టుకున్నాడు. మెడకి కట్టిన గుడ్డ తనే విప్పుకుని, రుమాలు తలమీద వేసుకుని వెళ్ళిపోయాడు.

“ఏం చేశావు దాన్ని?” అన్నాడు దువ్వెన. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది, కిందపెట్టి మళ్ళీ అడిగాడు. “ప్లేయర్ని ఏం చేశావు?”

“బాగుచేశాను. నీకు చెప్పకుండా చేసి సంతోషపెడదామని. పొద్దున మీ బాబాయి తలుపు తీశాక వచ్చాను. తిరిగే పళ్ళెం కింద, బెల్టు పట్టే చక్రానికి ఎవరో టేపు పొరలు పొరలుగా చుట్టారు. చక్రం లావైతే పళ్ళెం నెమ్మదిగా తిరుగుతుంది కదా. ఏదో పాత మరమ్మతు అనుకుని పీకేశాను. ఇదే ఆయన అసలు గొంతు.”

“ఇదా? ఇది కుర్రాడి గొంతు!”

“కుర్రాడే. ఇది పాడేనాటికి ఆయనది నీ వయసే.”

దువ్వెన ఫొటో వంక చూశాడు. నిజమే, మొహంలో ఎక్కడా బరువు లేదు. ఇన్నాళ్ళూ తను వాదించిన మనిషి లేనే లేడు.

“మా నాన్న దీంతో ఎలా పాడేవాడు?” అన్నాడు మెల్లగా. “కలవదు.”

తీగ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాకు తెలీదు. నిజంగా తెలీదు.” ఆమె గొడుగు అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయింది.

బెంచీ ఖాళీ అయింది. బాబాయి నేలమీది వెంట్రుకలు ఊడుస్తూ ఊడుస్తూ ఆగాడు.

“ఆ టేపు మీ నాన్న చుట్టాడ్రా.”

“నాన్నా? ఎందుకు?”

“రికార్డు కొత్తగా కొన్నప్పుడు ఇలాగే పరిగెత్తింది. కత్తెరా పరిగెత్తింది. ఒకాయన చెవి కొద్దిలో తప్పింది. పాట మానలేడు, పని మానలేడు. అందుకని పాటని తన చేతి వేగానికి తెచ్చుకున్నాడు.”

“ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?”

“అడిగావా?”

దువ్వెనకి ముందు ఏడుపొచ్చింది. దాని వెనకే నవ్వొచ్చింది. గొడుగు తీసుకుని పక్క షాపుకి పరిగెత్తాడు. వాన లేదు, అయినా గొడుగు తెరిచే ఉంది.

తీగ గిటారు ముందేసుకుని కూర్చుని ఉంది. అంతా ఏకబిగిన చెప్పాడు. ఆమె ముక్కు తుడుచుకుంటూ వింది.

“నువ్వే గెలిచావు,” అన్నాడు చివర్న. “మీ గిటారావిడ ఫొటో తెచ్చివ్వు. మా గోడకి పెడతాను, జుట్టాయన కంటే ఒక మెట్టు పైన.”

“అంత తొందరగా ఒప్పుకోకు.” ఆమె ఒక తీగ మీటి, చేత్తో ఆపింది. “మీ నాన్న కూడా ఇంకొకరి పాటని తన పనికి సరిపెట్టుకున్నాడు. జుట్టాయన చేసిందీ ఇంచుమించు అదే. అది తప్పని నేననలేను. కాకపోతే మీ నాన్న ఎవరి పేరూ చెరపలేదు. ఫొటో గోడకి పెట్టి మరీ పాడుకున్నాడు.”

“మరి ఇప్పుడు?”

“టేపు మళ్ళీ చుడతాను. కత్తెర పట్టినంతసేపూ మీ నాన్న పాటే. షాపు కట్టేశాక విప్పేస్తాను. అప్పుడు మనిద్దరం అసలు పాటకి ఎగురుదాం.”

“రోజూ చుట్టి, రోజూ విప్పుతావా?”

“రోజూ రావడానికి ఇంతకంటే మంచి వంక ఉందా?”

దువ్వెన ఏదో అనబోయాడు. లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. రుమాలు తలమీద అలాగే ఉంచుకుని తీగ వాళ్ళ నాన్న గుమ్మంలోకి వచ్చాడు. అంతా విన్నట్టే ఉంది.

“మీ నాన్న కుర్చీలో కూర్చుంటే ఆ పాట జోకొట్టినట్టుండేది,” అన్నాడు. “నా నిద్రమత్తు అనుకునేవాణ్ణి. టేపా!”

“అంకుల్, ఆ జుట్టు విషయం…”

“పద. అమ్మాయ్, నువ్వు ముందెళ్ళి ఆ టేపు చుట్టు.”

సెలూన్లో ఆయన కుర్చీలో కూర్చుని రుమాలు తీశాడు. మిగిలిన సగం అల లేచి నిలబడింది. జుట్టాయన మళ్ళీ బరువుగా, నెమ్మదిగా అందుకున్నాడు. దువ్వెన తనకి తెలీకుండానే నాన్నలా గొంతు కలిపాడు. కలిసింది.

ఆయన కళ్ళు మూసుకుని, మొదటిసారి అడగకుండానే తల వంచాడు.

“ఎలా చెయ్యమంటారు అంకుల్?”

“ఆ సగం కూడా తీసెయ్యి. ఒకవైపే ఉంటే పెళ్ళి ఫొటోలో బాగుండదు, అల్లుడూ.”