పదిహేడో సీటు చప్పట్లు

మా కచేరీ హాల్లో బాల్కనీ చివరి వరసకు మంచి పేరు లేదు. అందులోనూ పదిహేడో సీటు... టికెట్టు ఊరికే ఇస్తామన్నా ఎవరూ కూర్చునేవారు కాదు. మిగతా సీట్లన్నీ మనిషి లేవగానే స్ప్రింగుతో పైకి మడుచుకుంటాయి. అదొక్కటే ఎప్పుడూ కిందికి వాలి ఉండేది — ఎవరో కూర్చున్నట్టు. స్ప్రింగు రెండుసార్లు మార్చారు. లాభం లేకపోయింది.

సింఫనీలో ఒక భాగం అయిపోయి, రెండోది మొదలయ్యే ముందు హాలంతా ఊపిరి బిగబట్టి ఉంటుంది చూడండి... సరిగ్గా అప్పుడే అక్కణ్ణించి చప్పట్లు. ఒక్క మనిషివి. వెళ్లి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు.

ఇది టార్చి తాత చెప్పగా విన్నాను. బాల్కనీలో సీట్లు చూపించడం ఆయన పని. ఇప్పుడు చెప్పబోయే సాయంత్రం బాల్కనీ తలుపు దగ్గరే ఉన్నాడు.

అప్పట్లో ఆర్కెస్ట్రాకు ఒక ప్రొఫెసర్ ఉండేవాడు. ఏ కాలేజీలోనూ పాఠం చెప్పి ఎరగడు. ఆ పేరు తనకు తనే తగిలించుకున్నాడు. మేనేజరుకు అక్క మొగుడు కాబట్టి ఎవరూ అడగలేదు. కచేరీకి ముందు గంటసేపు శ్రోతలకు స్వరకర్తల గురించి చెప్పేవాడు. చెప్పేదానికన్నా తిట్టేది ఎక్కువ. సింఫనీ మొత్తం అయ్యేదాకా ఆగకుండా, భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టేవాళ్లు పశువులతో సమానమట. "మీకెలాగూ తెలిసి చావదు. నేను కొట్టినప్పుడు కొట్టండి," అనేవాడు. టికెట్టు కొని మరీ తిట్లు తినే ఆ మహానుభావులు బుద్ధిగా నోట్సు రాసుకునేవారు. వాళ్లను చూస్తే తాతకు ఇంకా ఒళ్లు మండేది.

ఆ రోజు వాయించేది, ఎప్పుడో ఇదే హాల్లో ఒక్కసారి వాయించి వదిలేసిన సింఫనీ. రాసినవాడు ఆ నాడు పదిహేడో సీట్లో కూర్చున్నాడట. వాయించడం అయిపోయింది. అయిపోయిందని ఎవరికీ తెలియలేదు... ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. దీపాలు వేసి చూస్తే, ఆ మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడు.

ప్రొఫెసర్ ఈ సంగతి చెప్పి పకపకా నవ్వాడు. ఆ సంగీతానికి కొట్టకపోవడమే మీ తాతలు చేసిన ఒకే ఒక్క తెలివైన పని అన్నాడు. జనం అదీ రాసుకున్నారు.

మేనేజరు మాత్రం నవ్వలేదు. పక్కకు పిలిచాడు.

"బావా, ఇవాళ రికార్డింగు. మధ్యలో చప్పట్లు పడ్డాయా, నీ పాఠాలు ఇవాళ్టితో సరి. అక్కకు నువ్వే చెప్పుకో."

ప్రొఫెసర్ మొహం మాడిపోయింది. ఆ దెయ్యం సంగతి తనే తేలుస్తానన్నాడు. తను పైన కూర్చుంటున్నాననీ, చప్పట్లు అక్కణ్ణించే మొదలవుతాయనీ శ్రోతలకు చెప్పి, వెళ్లి పద్దెనిమిదో సీట్లో కూర్చున్నాడు.

దీపాలు ఆరాయి. ఒక్క వయొలిన్‌తో మొదలైంది... తర్వాత పది... తర్వాత అందరూ. అంత మంచి సంగీతం ఆ హాల్లో తను అంతకుముందు వినలేదంటాడు తాత. ప్రొఫెసర్ దాన్ని విన్నాడా? పక్క సీటుకేసి గుడ్లప్పగించి చూస్తున్నాడు.

మొదటి భాగం అయిపోయింది. నిశ్శబ్దం.

ఒక్క క్షణం... రెండు...

చప్పట్లు.

తాత టార్చి వేశాడు. కొడుతున్నది ప్రొఫెసరే. మొహం పాలిపోయి, తన చేతులతో తనే పెనుగులాడుతున్నాడు.

"నేను కాదు... ఎవరో నా చేతులు పట్టుకున్నారు," అని గొణిగాడు.

కింద జనానికి అదంతా ఎందుకు? పైనుంచి చప్పట్లు వచ్చాయి, అంతే. చెప్పినట్టు వినే గొర్రెలు... హాలంతా ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టింది. ఆపమనేవాడు లేడు కాబట్టి ఆపలేదు కూడా. రికార్డింగు తగలడింది.

అప్పుడు చూశాడు తాత. టార్చి వెలుగులో పదిహేడో సీటు మెల్లగా పైకి మడుచుకుంది... ఎవరో నమస్కారం పెట్టడానికి లేచినట్టు. మళ్లీ ఎప్పుడూ అది తనంతట తను వాలలేదు.

ప్రొఫెసర్ పాఠాలు ఆ రోజుతో సరి. సంగీతానికి మైమరచి కొట్టేసి, పరువు కోసం దెయ్యం మీదికి తోశాడని కొందరంటారు. ఆయనకు అంత రసికత ఉంటే నేనూ నమ్మేవాణ్ణి.

పోయిన ఏడు ఆయనా పోయాడు. అప్పటినుంచి పద్దెనిమిదో సీటు కిందికి వాలి ఉంటోంది. అక్కణ్ణించి చప్పట్లేమీ రావు. మధ్యలో ఎవరైనా పొరపాటున కొడితే మాత్రం... చీకట్లోంచి, చిరాగ్గా — "ష్ష్..."