మాయమైన క్లచ్ కవరు

శుక్రవారం ఉదయం డిటెక్టివ్ థొకొజిలె హదెబె ఆఫీసుకి వచ్చేసరికే మెట్లమీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. బులవాయోలో జూన్ అంటే చలికాలం; రెండు శాలువలు కప్పుకుని, ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళని బెదురుగా చూస్తోంది.

"నా పేరు సెంజెని. మా ఆయన నిన్న సాయంత్రం నుంచి ముద్ద ముట్టలేదమ్మా," అంది లోపలికి రాగానే. "సంకటి, వేరుశెనగ పొడి వేసి వండిన ఆకుకూర. ఆయనకి ప్రాణం. పెట్టింది పెట్టినట్టే ఉంది. పారెయ్యడానికి మనసొప్పక తెచ్చాను. మీరైనా తినండి."

హదెబె డబ్బా అందుకుని అసిస్టెంటు జెంజోకి ఇచ్చింది. బులవాయోలో హదెబె తెలియని పోలీసు స్టేషను లేదు, ఆమె అంటే ఇష్టపడే స్టేషనూ లేదు. ఆమెని మనస్ఫూర్తిగా మెచ్చుకునేవాడు ఊళ్ళో జెంజో ఒక్కడే. పత్రికలో నేరవార్తలు రాసే ఉద్యోగం వదులుకుని మరీ ఆమె వెంట తిరుగుతున్నాడు.

"ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి," అంది హదెబె.

సెంజెని భర్త జోథాం రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఒక పల్లెలో కోళ్ళగూటిలో పడి ఉన్న పాత ఇంగ్లండు మోటారు సైకిలు ఒకటి కొనుక్కొచ్చాడు. హెడ్‌లైటు డొప్పలో కోళ్ళు గుడ్లు పెడుతుండేవట. తనతోపాటు పనిచేసిన ఫిలెమన్‌తో కలిసి దాన్ని ఇంటి గ్యారేజీలో ఆఖరి బోల్టు వరకూ విప్పాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒక్కొక్క ముక్కే కడిగి, రుద్ది, మళ్ళీ బిగించారు. ఆదివారం పాత బళ్ళ ఊరేగింపులో అదే ముందు నడవాలి. ఆఖరున బిగించాల్సిన క్లచ్ కవరు నిన్న గ్యారేజీలోంచి మాయమైంది.

"అది లేకుండా బండి తోలకూడదట. అలాంటిది మళ్ళీ దొరకదట," అంది సెంజెని. "నా ఏడుపు కవరు కోసం కాదమ్మా. ఆయన ఫిలెమన్‌ని దొంగ అన్నాడు, వీధిలో నలుగురూ వింటుండగా. నలభై ఏళ్ళ స్నేహం. ఫిలెమన్ తాళంచెవి మా గడపమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇద్దరూ కాటికి కాళ్ళు చాపుకున్నవాళ్ళు. ఇలాగే పోతారేమోనని నా భయం."

జెంజో అప్పటికే డబ్బా ఖాళీ చేసి, సిగ్గుపడుతూ మూత పెట్టాడు.

లువెవె పేటలో జోథాం ఇల్లు దొరకడం కష్టం కాలేదు. గ్యారేజీకి ఒకటే తలుపు, కిటికీ లేదు. మధ్యలో నల్లటి మోటారు సైకిలు నిలబడి ఉంది. ట్యాంకుమీద సన్నటి బంగారు గీత, అద్దంలా మెరిసే సైలెన్సరు. ఎడమవైపు కవరు ఉండాల్సిన చోట మాత్రం లోపలి పళ్ళచక్రాలు బయటపడి ఉన్నాయి.

"నిన్న మధ్యాహ్నం ముగ్గురొచ్చారు తల్లీ," అన్నాడు జోథాం. అతని కళ్ళు వాచి ఉన్నాయి. "ఫిలెమన్, మా అబ్బాయి మెహ్లులి, ఫర్నిచరు షాపు కోస్మస్ గుంబో. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు లోపలికెళ్ళి బండి చూసొచ్చారు. నేను గుమ్మంలోనే స్టూలేసుకుని చైను తుడుస్తున్నాను. ఉత్తచేతులతో వచ్చారు, ఉత్తచేతులతో పోయారు. కవరు చూస్తే ఇంత పెద్ద పళ్ళెమంత ఉంటుంది. చొక్కాలో దోపుకునేది కాదు."

"మరి ఫిలెమన్‌ని ఎందుకు అన్నారు?"

"నేను తాళం వేసి టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కవరు లేదు. నాది కాక ఇంకో తాళంచెవి వాడి దగ్గరే ఉంది. పైగా ఆదివారం ఎవరు తోలాలని పొద్దున్నే వాడితో గొడవైంది. నువ్వు తోలితే బండి మురిక్కాలవలో ఉంటుందన్నాడు."

"ఆ టీ తాగినంతసేపూ నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను," అంది సెంజెని. "గ్యారేజీ నా ఎదురుగానే ఉంది. పిల్లి కూడా రాలేదు. చెప్తే వింటేనా."

"ఆ ముగ్గురిలో ఎవరైనా తేడాగా కనిపించారా?" అంది హదెబె.

"గుంబో ఎప్పుడూ తేడానే," అన్నాడు జోథాం. " వచ్చేప్పుడు నవ్వుతూ చెయ్యి కలిపాడు, కేకు కూడా తెచ్చాడు. వెళ్ళేప్పుడు కోటు జేబులో పెట్టిన చెయ్యి తియ్యకుండా అలాగే పోయాడు. మన ఊళ్ళో శత్రువు దగ్గరికెళ్ళినా చెయ్యి కలిపే కదా సెలవు తీసుకుంటాం. నడమంత్రపు సిరి తల్లీ, ఏం చేస్తాం."

హదెబె మూలనున్న పెద్ద ప్లాస్టిక్ పీపా దగ్గరికి నడిచింది. జెంజో ముక్కు మూసుకున్నాడు.

"చెరకు మడ్డి, నీళ్ళు," అన్నాడు జోథాం. "పశువుల దాణా కొట్లో దొరుకుతుంది. తుప్పుపట్టిన ఇనుము అందులో నానేస్తే తుప్పు దానంతటదే వదిలిపోతుంది. ఇంకో బండి చక్రాలు అందులో ఉన్నాయి. ఊరేగింపు అయ్యేదాకా మూత తియ్యనని అందరికీ చెప్పాను, కంపు భరించలేక మా ఆవిడ గోల."

"అందులో వెతికారా?"

"దేనికి? కవరు అల్యూమినియంది. మడ్డి ఇనుముని కడుగుతుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. మా మెహ్లులి ఒకసారి వాడి కారు కార్బురేటరు అందులో వేసి నాశనం చేసుకున్నాడు. నేను తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి. పానా పట్టినవాడెవడూ ఆ పని చెయ్యడు."

హదెబె పీపా అంచు చూసింది. మూత కింది నుంచి నేలదాకా చీమలు బారు కట్టి ఉన్నాయి. "పెద్దాయనా, మాకు కాస్త టీ ఇప్పిస్తారా?" అంది. దంపతులిద్దరూ లోపలికి వెళ్ళగానే చొక్కా చెయ్యి భుజందాకా మడిచి, మూత తీసి, పీపాలో చెయ్యి పెట్టింది. చక్రాల కింద నుంచి పళ్ళెమంత వస్తువొకటి పైకి తీసింది.

"కవరు," అన్నాడు జెంజో, నోరు తెరిచి. "మేడమ్, పిలవనా వాళ్ళని?"

"ఆగు. కుళాయి కింద శుభ్రంగా కడిగి గోనెసంచిలో చుట్టు. ఇది దొరికితే బండి కదులుతుంది. దొంగ దొరికితేనే గాని స్నేహం కదలదు."

ముందు మెహ్లులిని కలిశారు. అతను బస్సు డిపోలో పనిచేస్తున్నాడు. "గ్యారేజీ నా కారుకి కావాలని అడిగిన మాట నిజమే," అన్నాడు. "కానీ కవరు దాస్తే నాకేం లాభం? బండి పూర్తి కాకపోతే నాన్న ఇంకో పదేళ్ళు అక్కడే కూర్చుంటాడు. ఆ పీపా దరిదాపులకి మాత్రం నేను పోను. ఒకసారి తిన్న తిట్లు చాలు."

ఫిలెమన్ తన ఇంటి గేటు దగ్గర ఊరికే నిలబడి ఉన్నాడు. "ఆ కవరు రుద్ది రుద్ది నా వేలిముద్రలు అరిగిపోయాయమ్మా," అన్నాడు చేతులు చాపి. "వాడు కొట్టినా పడేవాణ్ణి. దొంగ అన్నాడు. అది పడలేను."

చివరికి గుంబో ఫర్నిచరు షాపు. అక్కడ ఒక అమ్మాయి చీపురుతో గోడ దులుపుతోంది. మేకుకి వేలాడుతున్న గుంబో ముదురు గోధుమరంగు కోటు చేతి మీదికి, మోచెయ్యి దాకా, చీమల బారు పాకుతోంది. "ఈ చలిలో కూడా చీమలేమిటో," అని ఆ అమ్మాయి గొణుక్కుంటోంది.

"కేకు తుంపులు పడ్డాయి," అన్నాడు గుంబో, కుర్చీలో వెనక్కి వాలి. "పాపం జోథాం. ఇక ముందు వరసలో నా పాత బండే నడవాలి. నాకేం సరదా కాదు, కానీ ఎవరో ఒకరు నడవాలి కదా."

"మీ బండి ఫోటో చూశాను. ఇంజను కవర్లు కొత్త వెండి గిన్నెల్లా ఉన్నాయి. మీరే బాగుచేశారా?"

"మొత్తం నా చేతులతోనే. ఒక్క మెకానిక్కుని కూడా ముట్టుకోనివ్వలేదు."

"కవర్లకి అంత మెరుపు ఎలా తెచ్చారు?"

"అందరూ చేసేదే. చెరకు మడ్డిలో వారం నానబెట్టాను. బయటికి తీస్తే తళతళ."

జెంజో ఆ మాట రాసుకున్నాడు. హదెబె మాత్రం చాలా నేర్చుకున్నానంటూ లేచింది. ఆదివారం ముందు వరసలో ఎవరుండాలో తేల్చాలి, సాయంత్రం జోథాం ఇంటికి రమ్మంది. గుంబో సంతోషంగా ఒప్పుకున్నాడు.

సాయంత్రం గ్యారేజీలో అందరూ చేరారు. ఫిలెమన్ గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపలికి రానన్నాడు. జోథాం అతని వైపు చూడలేదు.

"కవరు నిన్న ఈ గ్యారేజీ దాటి వెళ్ళలేదు," అంది హదెబె. జెంజో గోనెసంచి విప్పాడు. నిన్నటిదాకా అద్దంలా ఉన్న కవరు బూడిదరంగుకి తిరిగింది. జోథాం దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

"మడ్డి," అన్నాడు ఫిలెమన్ బయటినుంచి. "ఏ వెధవ దాన్ని మడ్డిలో వేశాడు?"

"అదే అసలు ప్రశ్న. ఇంకొన్నాళ్ళుంటే పనికిరాకుండా పోయేది. ఆ సంగతి మీకు తెలుసు, జోథాంకి తెలుసు, తిట్లు తిని మరీ మెహ్లులి తెలుసుకున్నాడు. దొంగకి తెలియదు. మడ్డి శుభ్రం చేస్తుందని విన్నాడు గాని, దేన్నో వినలేదు. ఊరేగింపు అయ్యేదాకా మూత తియ్యరని మాత్రం గుర్తుపెట్టుకున్నాడు. బండి విప్పినవాడు చెయ్యని తప్పు అది. పక్కవాళ్ళకి కూలిచ్చి చేయించుకుని, నేనే చేశానని చెప్పుకునేవాడు చేసే తప్పు."

గుంబో నవ్వాడు. "చూశారా, ఊహలు."

"ఇవాళ మీ నోటితో అన్నారు, మీ కవర్లు వారం మడ్డిలో నానబెట్టానని. నిజంగా నానబెట్టి ఉంటే ఈపాటికి మీ ఇంజనుకి చిల్లులు మిగిలేవి."

గుమ్మం బయట ఫిలెమన్ పగలబడి నవ్వాడు. లోపల జోథాం కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

"కవరు చక్రాల కిందికి పోవాలంటే మోచెయ్యి దాటి ముంచాలి," అంది హదెబె. "అందుకే వెళ్ళేప్పుడు మీరు చెయ్యి కలపలేదు. వేళ్ళు జిగటగా ఉన్నాయి, జేబులో దాచారు. కోటు చేతికి అంటిన మడ్డిని మీరు మరిచిపోయారు, చీమలు మరిచిపోలేదు. కేకు తుంపులు మోచేతి పైదాకా ఎక్కవు గుంబోగారూ."

గుంబో మొహం పాలిపోయింది. "అది గ్యారేజీ దాటలేదని మీరే అన్నారుగా. దొంగతనం ఎలా అవుతుంది? ఆదివారం అయ్యాక దొరికేదే."

"కవరు దొరికేది. వీళ్ళిద్దరి స్నేహం ఏ పీపాలో దొరికేది?"

పోలీసులకి చెబుదామా అని సెంజెని అడిగితే, ఊరందరికీ నేను చెబుతానన్నాడు జోథాం. అది విని గుంబో గబగబా గేటు దాటాడు. ఈసారి అతనితో చెయ్యి కలపడానికి ఎవరూ ముందుకు రాలేదు.

అప్పుడు జోథాం గడప దాకా వెళ్ళాడు. అక్కడ పెద్దలకి మర్యాదగా చెయ్యి ఇచ్చినట్టు ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని, కుడిచెయ్యి చాపాడు.

"తప్పైపోయిందిరా. నీతో మాట్లాడే అర్హత నాకు లేదు."

ఫిలెమన్ ఆ చేతిని చూశాడు. తరవాత కవరు చూశాడు. "మాటలు తరవాత. రుద్దే ఎమరీ కాగితం ఎక్కడ పెట్టావు? సన్నది ఇవ్వు, బరకది కాదు. నీకు ఎప్పుడూ తేడా తెలియదు," అంటూనే ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి వచ్చాడు.

శనివారమంతా ఇద్దరూ కవరు రుద్దారు, తిట్టుకున్నారు, మళ్ళీ రుద్దారు. ఆదివారం ఊరేగింపు మైదానంలో ఊరు ఊరంతా ఉంది. జోథాం బండి పక్కన నిలబడి, "నువ్వు ముందు కూర్చో," అన్నాడు. ఫిలెమన్ నమ్మలేనట్టు చూశాడు.

"మురిక్కాలవలో పడేస్తానేమో."

"పడెయ్యి. నేనూ వెనకే ఉంటాను."

ఫిలెమన్ కిక్కు కొట్టాడు. కోళ్ళగూటిలో మూగబోయిన ఇంజను మొదటి దెబ్బకే గుండె నిండా గర్జించింది. జనం ఈలలు వేశారు. ముసలాళ్ళిద్దరూ ఊరేగింపు ముందు వరసలో బయలుదేరారు. మలుపు తిరిగేదాకా ఇంజను చప్పుడుని మించి వాళ్ళ వాదన వినిపిస్తూనే ఉంది. జెంజో చప్పట్లు కొట్టి కొట్టి అరిచేతులు ఎర్రగా చేసుకున్నాడు. హదెబె నవ్వితే ఎలా ఉంటుందో ఊళ్ళో చాలామంది ఆ రోజే చూశారు.

సోమవారం ఉదయం మెట్లమీద మళ్ళీ సెంజెని, ఒళ్ళో అదే టిఫిను డబ్బా. జెంజో ఆశగా అందుకుని మూత తీశాడు. లోపల ఏమీ లేదు. గిన్నె అడుగు నాకేసినట్టు శుభ్రంగా ఉంది.

"మీకు చూపిద్దామనే తెచ్చాను," అంది సెంజెని, కళ్ళు తుడుచుకుంటూ. "ఇద్దరూ కలిసి తినేశారు."