సూర్యుడికి ఇవ్వని పన్ను

అరబ్బు దేశపు నిజ్వా బజారులో మధ్యాహ్నం నమాజు అయ్యాక పిల్లి కూడా తిరగదు. దుకాణాలు మూసుకుని అందరూ ఇళ్లకు పోయి పడుకుంటారు. వెండిపని, కత్తుల మరమ్మతు చేసే హారిబ్ మాత్రం ఆ వేళకే పని పెట్టుకుంటాడు. కత్తి పిడి దేనితో చేసిందో చూపించే ఊదారంగు దీపానికి చీకటి కావాలి. ఎవరూ వచ్చి తలుపు తోయని సమయం కావాలి.

ఆ రోజు యారుబ్ ఒక ఖంజర్‌ను, వంపు తిరిగిన బాకును, తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాత ఆయుధాల వ్యాపారి, నోరు తెరిస్తే ఒక పట్టాన మూయడు. మస్కట్‌లో ఒకాయన దీన్ని వదిలించుకుంటున్నాడట. సలాలాలో కొనేవాడు సిద్ధంగా ఉన్నాడట. పిడి, దంతాల అమ్మకాన్ని నిషేధించక ముందటి ఏనుగు దంతమేనని హారిబ్ రాసి సంతకం పెడితే సాయంత్రం విమానానికే పంపేస్తాడట. ఆ సంతకానికి ఊళ్లో అంత విలువ. ముప్పై ఏళ్లలో ఎముకను దంతమని గానీ, కొత్తదాన్ని పాతదని గానీ హారిబ్ రాసిన పాపాన పోలేదు.

"ఎందుకు వదిలించుకుంటున్నాడు?" అని అడిగాడు.

"కరుస్తోందట," అని నవ్వాడు యారుబ్. "పట్టుకున్నప్పుడల్లా అరచేతిలో గాటు పడుతోందట. కూర్చుని తినేవాళ్ల చేతులు అంతే అన్నా, వెన్నముద్దలు."

హారిబ్ నవ్వలేదు. ఒర మీది వెండి తీగ అల్లిక తన చేతిదేనని చూడగానే పోల్చుకున్నాడు. సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక వచ్చి కాగితం తీసుకుంటానని చెప్పి యారుబ్ వెళ్లిపోయాడు.

తొమ్మిదేళ్ల కిందట ఈ పిడిలోంచే బియ్యపు గింజంత ముక్క ఊడిపోతే బాగుచేయడానికి తెచ్చారు. కొత్త దంతం వాడకూడదు. పాతది దొరకలేదు. ప్లాస్టిక్ పెడితే దీపం కింద ఇట్టే దొరికిపోతుంది. ఆ ఉదయమే అతని ఏడేళ్ల కూతురు తురయ్యాకు పై ముందు పన్ను ఊడింది. ఊడిన పన్నును సూర్యుడి వైపు విసిరి, గాడిద పన్ను తీసుకుని జింక పన్ను ఇవ్వమని అడగడం అక్కడి పిల్లలందరూ చేసేదే. తురయ్యా పన్నును గుప్పిట్లో పెట్టుకుని మేడ మెట్లు ఎక్కుతుంటే హారిబే ఆపాడు. సూర్యుడి దగ్గర బోలెడు పళ్లున్నాయి, ఒకటి తగ్గితే ఆయనకేం లోటని నవ్వించి తీసుకున్నాడు. అరగదీసి పిడిలో అతికించాడు. అతుకు ఎక్కడుందో వేలికి కూడా తెలియలేదు. ఇంత పనితనం ఇంకెవరికుందని మురిసిపోయాడు కూడా, వెర్రిమనిషి.

తురయ్యా రోజూ అద్దం ముందు నోరు తెరిచి నిలబడేది. "బాబా, నేను ఇవ్వలేదుగా, మరి సూర్యుడు నాకెందుకిస్తాడు?" అని అడిగేది. నాలుగు నెలలైనా పన్ను రాలేదు. అయిదో నెలలో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. ఆఖరి స్నానం చేయించేటప్పుడు తల్లి జియానా ఆ నోట్లో ఖాళీని చూసింది. పన్ను ఏం చేశాడో తెలిసిన ఆమె అప్పటినుంచి మొగుడితో అవసరానికి మించి మాట్లాడలేదు. నవ్వన్నది మరిచిపోయింది. అప్పటికే చేతులు మారిన ఈ ఖంజర్ కోసం హారిబ్ తిరగని ఊరు లేదు. దొరికుంటే ఆ పన్నును కూతురి సమాధి దగ్గరైనా పెట్టేవాడు. ఆ బెంగతోనే సగమైపోయాడు. అలాంటిది ఇప్పుడు తనంతట తానే వచ్చి బల్ల మీద పడుంది.

కిటికీ మూశాడు. తలుపు సందులో గుడ్డ కుక్కాడు. వెండి పొడి, పాత తోలు, పక్కింటి సాంబ్రాణి కలిసిన వాసన గదిలో ముసురుకుంది. దీపం వెలిగించాడు.

పిడి మసక పసుపుగా మెరిసింది. పాత దంతం అలాగే మెరుస్తుంది. పిడి చివర జల్లెడ అల్లికలాంటి సన్నని గీతలు కనిపించాయి. ఏనుగే, సందేహం లేదు. మెల్లగా పిడిని తిప్పాడు.

నడుమ ఒక్కచోట నీలంగా, తెల్లగా వెలుగు...

భూతద్దం దగ్గరికి తెచ్చాడు. పిడికి సమంగా అరగదీసిన ముక్క ఇప్పుడు సమంగా లేదు. పైకి పొడుచుకొచ్చింది. బియ్యపు గింజంత కాదు. చిటికెన వేలి గోరంత. దాని అంచున మూడు చిన్న బుడిపెలు. పాలపన్నుకు అవి ఉండవు. కొత్తగా వచ్చే పెద్ద పన్నుకే ఉంటాయి...

వేలు పెట్టాడు. పన్ను చుట్టూ మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది. తడిగా కూడా ఉంది.

హారిబ్ చప్పున వేలు తీసేశాడు. ఖర్జూరం తిన్న పిల్ల నోటి వాసన గుప్పుమంది. తర్వాత, చెవి పక్కనే...

"బాబా... దురదగా ఉంది."

దీపం ఆర్పాలనిపించలేదు. అరవాలనీ అనిపించలేదు. ఆ మాట ఇంకొక్కసారి వినిపిస్తే చాలనుకుని, పిడిని చెంపకు ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇంటి వైపు తలుపు తీసుకుని కాఫీ తెచ్చిన జియానా అతన్ని ఆ స్థితిలో చూసింది. చేతిలోని కప్పును బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చింది. హారిబ్ పిడిలోని పన్నును వేలితో చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"వచ్చింది," అంది మెల్లగా. "దాని పన్ను వచ్చింది."

అతను పట్టకారు అందుకోబోతే ఆమె చెయ్యి పట్టుకుంది. "పీకకు. నొప్పెడుతుంది దానికి."

కాగితం ఇంకా ఖాళీగానే ఉంది. పాత దంతమని రాస్తే కూతురు సలాలా పోతుంది, మళ్లీ చేతికి రాదు. నిజం రాస్తే ఖంజర్ అమ్ముడుపోదు, తన సంతకాన్ని ఇక ఎవరూ నమ్మరు. హారిబ్ కలం తీసుకుని నిజమే రాశాడు. పిడి ఏనుగు దంతం, పాతది. అతుకు మనిషి పన్ను. అతికించింది నేనే.

అసర్ తర్వాత యారుబ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తలగుడ్డ అంచుతో చెయ్యి తుడుచుకున్నాడు.

"ఇది బయటికి పొక్కితే నీ పని అయిపోయినట్టే అన్నా."

"తెలుసు."

"ఆ మస్కట్ ఆయనకు నేనేదో సర్దిచెప్పుకుంటాలే. దీన్ని మాత్రం నేను ముట్టను. మనిషి శరీరంలోది, పాతిపెట్టేయండి."

"ఒకసారి పాతిపెట్టాం," అంది తలుపు దగ్గర నిలబడిన జియానా. "చాలదా?"

ఖంజర్‌ను మేడ మీద, పొద్దున తొలి ఎండ తగిలే గూట్లో పెట్టారు. సంగతి పొక్కి, వారం తిరక్కుండానే హారిబ్ దగ్గరికి పిడులు రావడం ఆగిపోయింది. అతనికి బాధ లేదు. ఎండ ముదిరేదాకా మేడ మీదే కూర్చుని, ఆ రోజు మెట్ల మీద ఆపినందుకు క్షమించమని బతిమాలుకునేవాడు. జియానా రోజూ రాత్రి గూట్లో ఒక ఖర్జూరం పెట్టేది. మొదటిరోజు పొద్దున దాని మీద ఒక్క పంటి గాటు ఉంది. పది రోజులకు నాలుగయ్యాయి. నెల తిరిగేసరికి వరస మొత్తం పడింది, ఖర్జూరంలో సగం లేదు. హారిబ్ పిడి మీద వేలు పెట్టి చూశాడు. ఉన్నది ఆ ఒక్క పన్నే.

ఈ రోజు పొద్దున మేడెక్కితే ఖర్జూరం పెట్టింది పెట్టినట్టే ఉంది. ముట్టనే లేదు. కంగారుపడి కిందికి దిగాడు.

వంటింట్లో జియానా కాఫీ పోస్తోంది. ఎడమ మణికట్టుకు చుట్టుకున్న గుడ్డ మీద పళ్ల వరసలా నెత్తుటి చుక్కలు తేలాయి. తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి, అతన్ని చూసి నవ్వింది.