షేరా తోలుకొచ్చిన మనిషి

పొద్దు గుంకే వేళ సిరిసిల్లలో హేమలత ఇంటికి వెళ్లినవాళ్లకు ఒక తమాషా కనిపించేది. షేరా అనే నలభై కిలోల జర్మన్ షెపర్డ్ కుక్క ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినే వెతికి పట్టుకొచ్చి ముందరి అర్రలో కూర్చోబెట్టేది. వంటింట్లో ఉన్న హేమలతను మోకాళ్ల వెనుక భుజం ఆనించి నెట్టేది. వాకిట్లో బీడీలు చుట్టే ఆమె అత్త సత్యవ్వ చుట్టూ రెండు చుట్లు తిరిగేది. మోకాళ్ల నొప్పుల ముసలామె గొణుక్కుంటూ బీడీల చాట ఎత్తుకుని లేస్తే, షేరా రెండడుగులు వేసి ఆగి, మళ్లీ రెండడుగులు వేసి, ఆమె నడకకు తగ్గట్టే వెంట వచ్చేది. ఆఖరికి ఇంటి వెనుక కార్ఖానకు ఉరికి, బట్ట నేసే సాంచలు నడిపే ఆమె భర్త రవీందర్ ముందు ఎగిరెగిరి దుంకుతూ అతణ్ని పిలుచుకొచ్చేది. ముగ్గురూ ఒకచోట కూడాకే గడపకు అడ్డంగా పడుకునేది, ముఖం వీధి వైపు పెట్టి.

ఆ కుక్కను రవీందర్ కోరుట్లలో ఫహీమ్ దగ్గర కొన్నాడు. కుక్కలను పెంచి, నేర్పి అమ్మడం ఫహీమ్ పని. ఇది గొర్ల మందను కాసే జాతి అనీ, పని లేకపోతే దానికి పిచ్చి లేస్తుందనీ, ఇక నుంచి మీరే దాని మంద అనీ అతను ఆనాడే చెప్పాడు. రవీందర్ ఆ మాట మరవలేదు. తెల్లవారుజామున బండి మీద మెల్లగా మానేరు వాగు దాకా పోయేవాడు. షేరా పక్కన ఉరికేది. సాయంత్రం మళ్లీ అంతే. ఇంటికొచ్చాక గుడ్లు, కోడి మెడలు, అన్నం.

వానలు మొదలైన వారానికి రవీందర్ సాంచె ముందే కూలబడ్డాడు. ముప్పై తొమ్మిదేళ్లు. ఆసుపత్రి గేటు దాటేలోపే ప్రాణం పోయింది.

హేమలత ఏడవలేదు. ఏడుపు ఆపుకోలేదు కూడా. అసలు రాలేదు. చాలాసేపు మడిచి కూర్చుంటే కాలు తిమ్మిరెక్కినట్టు ఆమె లోపలంతా తిమ్మిరెక్కింది. వచ్చినవాళ్లు కౌగిలించుకుని ఏడుస్తుంటే ఆమె వాళ్ల జాకెట్ల కుట్లు చూస్తూ ఉండిపోయింది.

కుక్కకు ఇవన్నీ పట్టవు. దానికి ఉరకాలి. రెండు రోజులు కట్టేస్తే బొంతను చింపింది, మంచం కోడు కొరికింది. మూడో రోజు నుంచి హేమలతే పట్టుకుపోయింది. షేరా లాగిన లాగుడుకు తాడు ఒరుసుకుని అరచెయ్యి చీరుకుపోయింది. ఇంటికొచ్చి నెత్తురు చూసుకున్నాకే ఆమెకు తెలిసింది.

పదకొండు రోజులు గడిచిన తర్వాత, ఒక సాయంత్రం షేరా ఎప్పటిలాగే ఇద్దరినీ అర్రలోకి తోలింది. కానీ గడప దగ్గర పడుకోలేదు. తాళం వేసి ఉన్న కార్ఖాన వైపు వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది... మెల్లగా. ఎవరి వెనుకనో నడుస్తున్నట్టు అటొక అడుగు, ఇటొక అడుగు. ఆ ఎవరో గడప దాటేదాకా ఆగి, తానూ దాటి, అప్పుడు పడుకుంది.

అర్రలో తడిసిన బూడిద వాసన వచ్చింది.

సత్యవ్వ రెండు చేతులూ జోడించి బోరున ఏడ్చింది. తన కొడుకు వచ్చాడంది. ఆ రోజు నుంచి మూడో కంచం పెట్టింది. రోజూ పొద్దు గుంకగానే అదే తంతు. ముసలామె గోడ మూలకు తిరిగి ఆ రోజు ముచ్చట్లన్నీ చెప్పేది. అన్నం అలాగే ఎండిపోయేది.

హేమలతకు సంతోషమూ లేదు, భయమూ లేదు. చూస్తూ ఉండేది. అందుకే కాబోలు, ఆమెకు కొన్ని కనిపించాయి. రవీందర్‌ను తెచ్చేటప్పుడు షేరా ముందుండి దుంకేది. ఇప్పుడు వెనుక నుంచి తోలుతోంది, మూరెడు దూరం విడిచి, మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని. గడపకు అడ్డంగా పడుకున్నా దాని ముఖం వీధి వైపు లేదు. అర్ర లోపలికి ఉంది. రాత్రంతా కన్ను మూయకుండా ఆ మూలనే చూస్తోంది.

ఒకరోజు అత్తతో అంది, "అత్తా... గా వచ్చేది ఆయన కాదు."

సత్యవ్వ కంచం కడుగుతూ తలెత్తలేదు. "నీకు ఏడుపే రాలే. నీకేం తెలుస్తది బిడ్డా."

నెల దాటేసరికి షేరా పక్కటెముకలు తేలాయి. పగలు వాగు దాకా ఉరికి, రాత్రంతా కావలి కాస్తే ఏ జీవమైనా ఎన్నాళ్లుంటుంది? హేమలత ఫహీమ్‌కు ఫోన్ చేసి, కుక్కను తీసుకుపొమ్మంది. కుక్క పోతే కొడుకును ఎవరు తీసుకొస్తారని సత్యవ్వ అడిగింది. హేమలత కుక్క గిన్నె కడిగి సంచిలో పెట్టింది.

ఫహీమ్ వ్యాన్ తెచ్చాడు. హేమలత ఎక్కితే గాని షేరా ఎక్కలేదు. సరే, కొత్తచోట అలవాటయ్యేదాకా ఉందామని ఆమె కూడా కోరుట్ల వెళ్లింది. ఆ రాత్రికి అక్కడే ఉన్న చెల్లెలు లీల ఇంట్లో పడుకుంది.

తెల్లారి ఫోన్ చేస్తే సత్యవ్వ వెంటనే ఎత్తింది. నెల రోజులుగా ఫోన్‌లో ఎవరి గొంతు విన్నా ఏడ్చే మనిషి, ఆ రోజు ఏడవలేదు. రాత్రి ఎట్లా గడిచిందంటే మంచిగా గడిచిందంది. కొడుకు మాట ఎత్తలేదు. కుక్కను ఇడిసినవా అని మాత్రం మూడుసార్లు అడిగింది.

మధ్యాహ్నం ఫహీమ్ లీల ఇంటికొచ్చాడు. రాత్రంతా షేరా గోడ ఎక్కబోయి పడిందట, మళ్లీ ఎక్కబోయిందట. గోళ్లు ఊడి నెత్తురు కారుతున్నా ఆగలేదట.

"వదినా, నేను శానా కుక్కలను చూసిన. గిది తప్పించుకపోవాలని జెయ్యట్లే. పని ఇడిసిపెట్టి వచ్చినట్టు జేస్తున్నది. తీస్కపోండ్రి."

పొద్దు వాలుతుండగా వ్యాన్ హేమలతనూ షేరానూ సిరిసిల్లలో గల్లీ మొదట్లో దింపి వెళ్లిపోయింది. సన్నగా తుంపర పడుతోంది. పక్క గల్లీలో సాంచల చప్పుడు. ఇంట్లో దీపం లేదు.

గేటు దగ్గర షేరా ఆగిపోయింది.

తాడు లాగినా కదల్లేదు. హేమలత అడుగు ముందుకేస్తే అడ్డం నిలబడింది. మోకాళ్ల మీద భుజం ఆనించి వెనక్కి నెట్టింది... ఇంకా వెనక్కి... రోడ్డు అవతల కరెంటు స్తంభం దాకా. అక్కడ ఆమె చుట్టూ రెండు చుట్లు తిరిగింది.

తలుపు తెరుచుకుంది. సత్యవ్వ గడప మీద నిలబడింది. తల నున్నగా దువ్వుకుంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"వచ్చినవా హేమా. లోపటికి రా."

హేమలత కదలబోయింది. షేరా గొంతులో గుర్రుమంది, ముసలామెను చూస్తూ. ఇన్నేళ్లలో తన మందలోని మనిషి మీద అది గుర్రుమనడం హేమలత వినలేదు. వానలో తడుస్తున్నందుకు కోపమేమో అనుకుంది. వంగి దాని మెడ తాడు విప్పింది.

"అత్త ఆడనే ఉన్నది, షేరా," అని గుసగుసగా చెప్పింది. "పో. తీస్కరా."

షేరా వెళ్లింది. గేటు దాటింది. గడప వైపు వెళ్లలేదు. సత్యవ్వ వైపు చూడనైనా లేదు. గోడ వెంబడి ఇంటి వెనక్కి, కార్ఖాన వైపు వెళ్లిపోయింది.

గడప మీది మనిషి తల తిప్పలేదు.

చాలాసేపు... ఏమీ లేదు. తుంపర. సాంచల చప్పుడు.

తర్వాత గోడ పక్కన షేరా కనిపించింది. ఒక్కటే. కానీ ఒంటరిగా నడిచే నడక కాదు. రెండడుగులు. ఆగింది. మళ్లీ రెండడుగులు. వెంట్రుకలు లేవలేదు. తోక మెల్లగా ఊగుతోంది. పక్కనున్న ఎవరికో భుజం ఆసరా ఇస్తున్నట్టు ఒక పక్కకు ఒరిగి, తొందర పెట్టకుండా, మోకాళ్లు పట్టేసిన మనిషిని తెచ్చినట్టు తెస్తోంది.

రోడ్డు దాటింది. హేమలత కుడిపక్కకు వచ్చి ఆగింది. ఇద్దరి చుట్టూ తిరిగినట్టు పెద్దగా ఒక చుట్టు తిరిగి, ముఖం ఇంటి వైపు పెట్టి పడుకుంది. నిన్నటి నుంచి మొదటిసారి ఒళ్లు సడలించి, పొడుగ్గా ఊపిరి విడిచింది.

కుడిపక్క నుంచి బీడీలు చుట్టే తునికాకు వాసన వచ్చింది, తంబాకు వాసన కలిసి. ఎవరో ఆమె కొంగు అంచు పట్టుకున్నారు. చిన్నగా.

హేమలత పక్కకు చూడలేదు. చూడలేకపోయింది. నెల రోజులుగా చచ్చుబడి ఉన్న ఒళ్లంతా ఒక్కసారిగా సూదులు గుచ్చినట్టు మేలుకుంది.

గడప మీది సత్యవ్వ ఆమెను చూసింది. కుక్కను చూసింది. తర్వాత హేమలత కుడిపక్కన ఉన్న ఖాళీ జాగాను చూసింది, చాలాసేపు.

"సల్లగాలి కొడ్తున్నది," అంది. "ముగ్గురు లోపటికి రాండ్రి."